పాత గడ్డం కత్తి: కొనేముందు, కొన్న తరువాత

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పది నిమిషాల సమయం ఇచ్చారు. గడ్డం గీసుకోవడానికి అది చాలు గాని, గడ్డం కత్తి గురించి చెప్పడానికి చాలదు. అందుచేత ముఖ్యమైన సంగతులే మనవి చేస్తాను.

మనలో కొందరి ఇళ్ళలో తండ్రిగారిదో తాతగారిదో మడత కత్తి ట్రంకుపెట్టె అడుగున ఉండే ఉంటుంది. మరికొందరు పాత వస్తువుల మీద మక్కువతో కొంటూ ఉంటారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒక్కటే. ఈ కత్తి విలువ మెరుపులో లేదు. అంచులోను, వెన్నులోను ఉంది.

పాత కత్తులకు పేరుపొందిన ఊళ్ళు రెండు: ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్. 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ ఉక్కును మూసలో కరిగించే పద్ధతిని షెఫీల్డు దగ్గర నెలకొల్పాడు. మూస ఉక్కు మనకు కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ పనికి పూర్వం దేశదేశాల్లో పేరుపొందినదే. 1904లో జిల్లెట్‌కు బ్లేడు రేజరు మీద పేటెంటు వచ్చాక మడత కత్తి క్రమంగా వెనకబడింది.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి:

1. ముద్ర: అలుగు తోక భాగం మీద తయారీదారు పేరు, ఊరు చెక్కి ఉంటాయి. అమెరికాలో 1890 నాటి సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్నది. కనుక దేశం పేరున్న కత్తి సాధారణంగా ఆ తరువాతిదని అనుకోవచ్చు. పేరు లేనంత మాత్రాన అంతకు ముందుదని రుజువు కాదు.

2. అంచు: పేపరు చదివే భూతద్దం తీసుకుని వెలుతురులో చూడండి. పైపై మరకలకు భయం లేదు. అంచు దగ్గర తుప్పు తిన్న గుంటలు గాని, వెంట్రుకవాసి పగులు గాని కనిపిస్తే ఎంత చవకైనా వద్దనండి.

3. వెన్ను: కత్తిని గాజు పలక మీద పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ ఆనాలి. ఊగితే అలుగు వంకర పోయిందన్నమాట. వెన్ను ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగితే పదును సమంగా రాదు.

4. మెరుపు: అద్దంలా తళతళలాడే పాత కత్తిని అనుమానించండి. పాలిషు చక్రం మీద పెడితే వేడికి ఉక్కు పాకం పోవచ్చు, అక్షరాలూ అరిగిపోతాయి. అంచు దగ్గర నీలి ఛాయ ఉంటే పదును నిలవదు.

5. పిడి: కొమ్ము, ఎముక, సెల్యులాయిడ్ పిడులుంటాయి. పాడైన సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరి ఉక్కును తినేస్తుంది. అది త్వరగా అంటుకుంటుంది కూడా. అటువంటిదాన్ని విడిగా ఉంచండి. ఏనుగు దంతపు పిడి జోలికి పోకండి. దంతం క్రయవిక్రయాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కొన్న తరువాతి సంగతి. వీధిలో తిరిగే సాన చక్రానికి ఈ కత్తి ఇవ్వకండి. సన్నని సానరాయిని తడిపి, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆన్చి, అంచు ముందుగా నడిపించాలి. ఏ కోణంలో పట్టాలో వెన్నే చెబుతుంది. తోలుపట్టీ మీద మాత్రం ఇందుకు తలకిందులు: వెన్ను ముందు, అంచు వెనక. చివరకు వచ్చాక వెన్ను మీదనే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది, పదును పోతుంది. సానరాయి ఎప్పుడో గాని అవసరం రాదు. తోలుపట్టీ మాత్రం గీసుకున్న ప్రతిసారీ కావాలి.

వాడిన వెంటనే కడిగి, పొడిబట్టతో పిడి లోపల కూడా తుడిచి, కాసేపు తెరిచి ఆరనివ్వండి. దాచేటప్పుడు కుట్టుమిషను నూనె ఒక చుక్క పట్టించండి. స్నానాల గదిలోను, తోలు సంచిలోను పెట్టవద్దు; రెండింటా తేమే. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఆరోగ్యం గురించి ఒక్కమాట. చేతులు వణికేవారు, చూపు తగ్గినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు ఈ కత్తితో గీసుకునే సరదా మానుకోవడం మంచిది. దాన్ని చూసుకోవడంలోనూ ఆనందం ఉంది. ఒకరి కత్తి మరొకరు వాడరాదు. హెపటైటిస్ బి వంటి వ్యాధులు రక్తం ద్వారా వస్తాయి. మనవల చేతికి అందకుండా తాళం వేసి ఉంచండి. విదేశాల్లో ఉన్న పిల్లలు కొని తెస్తుంటే, విమానంలో చేతిసంచిలో పెట్టుకోవద్దని ముందే చెప్పండి.

చివరగా ఒక మనవి. పెద్దల కత్తి ఇంట్లో ఉంటే, అది ఎవరిదో, ఏ ఊళ్ళో వాడారో ఒక కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి. ఇది మన తరమే చేయగల పని. ఆ కాగితం లేకపోతే రేపు మన పిల్లలకు అది పాత ఇనుము, తూకానికి పోతుంది. ఉంటే అది ముత్తాతగారి కత్తి.