ముదిమిలో ఎముకల బలము: పథ్యము చాలునా, మందు కావలెనా?

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు ఎముకల మాట యేల అని కొందఱికి తోచవచ్చును. మన పఠన మందిరమునకు వచ్చు పెద్దలలో నడుము వంగినవారు లేకపోలేదు. వయసు మీఱినచో నడుము వంగుట సహజమని సరిపెట్టుకొందుము. ఎల్లవేళల అది నిజము కాదు. వెన్నుపూసలు తెలియకుండ నలిగి అణగిపోవుటచేతనే పలువురి ఎత్తు తగ్గుచున్నది.

ఎముక ఱాతివలె మార్పులేని వస్తువు కాదు. ఒకజాతి కణములు దానిని తొలుచుచుండగా మఱియొకజాతి కణములు పూడ్చుచుండును. సుమారు 30 ఏండ్ల వఱకు పూడికదే పైచేయి. పిమ్మట క్రమముగా తరుగుదలది. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత కొన్నియేండ్లు ఈ తరుగు మిక్కిలి వేగముగా సాగును. ఆయాసమునకో కీళ్ళవాపునకో నెలల తరబడి స్టిరాయిడు బిళ్ళలు మ్రింగువారికి ఏ వయసుననైనను ఈ ముప్పు కలదు. చుట్టయు సారాయియు దీనిని పెంచును.

మందులేల, రాగిజావ చాలునని కొందఱందురు. రాగులు మేలైనవే. నూఱు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. పెద్దలకు దినమునకు 1000 మొదలు 1200 మిల్లీగ్రాములు కావలెను గనుక పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు కూడ తినవలెను. ఎండ ఒంటికి తగులవలెను. నడక మంచిది, చేతుల ఊతము లేక కుర్చీనుండి పలుమాఱులు లేచి కూర్చుండుట తొడలకు బలమిచ్చును. ఇవి అందఱికిని అవసరములు, మందు పుచ్చుకొనువారికి సైతము.

కాని నిలుచున్నచోట జాఱిపడినంతమాత్రమున తుంటియో వెన్నుపూసయో విఱిగినచో, పథ్యముతో మాత్రమే కాలము గడపరాదు. ఒకమాఱు అట్లు విఱిగినవారికి మఱల విఱుగు భయము మెండు. శస్త్రవైద్యుడు ఎముక నతికించును. అది ఏల విఱిగినదో విచారించుట మాత్రము తఱచు మఱుగునపడుచున్నది. ఇంటికి పంపునపుడు మీరే అడుగుడు. డెక్సా పరీక్షలో టీ-స్కోరు −2.5 గాని అంతకు తక్కువ గాని ఉన్నవారును వైద్యునితో మందుమాట ఆలోచింపవలెను.

ఇక్కడ ఒక సంగతి. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు నీటి బాధ మనకు తెలిసినదే. ఆ ఫ్లోరైడునే ఒకప్పుడు ఎముకల మందుగా ఇచ్చి చూచిరి. 1990లో వెలువడిన అమెరికా పరిశోధనలో వెన్నెముక సాంద్రత పెరిగినది గాని, ఇతర ఎముకలు మునుపటికంటె ఎక్కువగా విఱిగెను. కావున ఎముకను గట్టిపఱచునని అమ్మెడి ప్రతి పొడిని నమ్మరాదు.

నేటి మందులలో అలెండ్రోనేటు బిళ్ళ సాధారణముగా వారమునకొకటి. తెల్లవాఱి పరగడుపున, కాఫీతో గాక నిండు గ్లాసుడు మంచినీటితో మ్రింగి, కనీసము అరగంట పడుకొనక, ఏమియు తినక ఉండవలెను. లేనిచో అన్నవాహిక ఒఱసిపోవును. జోలెడ్రానిక్ ఆమ్లము ఏడాదికొకమాఱు నరమునకెక్కింతురు. మూత్రపిండముల జబ్బున్నవారు ముందే చెప్పవలెను. దవడ యెముక చెడుటయు, తొడయెముక చిట్లుటయు అరుదుగా కలుగును. అందుచేత పండ్లు పీకించుకొను పని యున్నచో ముందే ముగించుకొనుట మేలు. బిళ్ళలు వాడిన అయిదేండ్లకు, కొనసాగింపవలెనా, విరామమీయవలెనా అని వైద్యుడు చూచును.

ఆఱు నెలలకొకమాఱు ఇచ్చు డెనోసుమాబు సూది సంగతి వేఱు. దానిని స్వేచ్ఛగా మానినచో నిలిచిన తరుగు ఒక్కపెట్టున తిరుగబెట్టి, వెన్నుపూసలు పెక్కులు విఱుగవచ్చును. మానదలచినచో బదులు మందు మొదలిడవలెను. తేదీని ఇంటి క్యాలెండరుమీద వ్రాసికొనుడు.

ఇక ఇంటి విషయము. పాచిపట్టిన స్నానపు గచ్చు గీకించుడు. పట్టుకొనుటకొక ఇనుపకడ్డీ గోడకు వేయించుడు. రాత్రి పెరటికి పోవు దారిలో దీపముండనిండు. అరిగిన చెప్పులు మార్పించుడు. చత్వారపు అద్దములు ధరించి మెట్లు దిగవలదని పెద్దలకు చెప్పుడు.