కామన్ దారిలో కెమెరా పెట్టాలనుకుంటున్నారా? నా తప్పు వినండి

ఈరోజు అన్‌బాక్సింగ్ లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి మాట్లాడుకుందాం.

మా ఇల్లు నాగోల్‌లో. రోడ్డు మీద మాది, మా వెనక ఇంకో ఇల్లు. వాళ్లు కారు తీయాలన్నా, బైక్ తీయాలన్నా మా గోడ పక్కనున్న పదడుగుల దారిలోంచే రావాలి. దారి ఇద్దరిదీ. పోయినేడాది నా బైక్‌లో పెట్రోల్ రెండుసార్లు కొట్టేశారు. ఇంకేముంది, నాలోని ఇంజనీర్ లేచాడు. ఫోన్‌లోంచి ఎటు కావాలంటే అటు తిప్పే కెమెరా కొని పిట్టగోడ మీద పెట్టేశా. వెనకింటి వాళ్లకి ఒక్క మాట కూడా చెప్పలేదు.

రెండు నెలలు బాగానే గడిచింది. ఒకరోజు మా అమ్మ మాటల్లో మాటగా ఆంటీతో, "నిన్న మీ పాప రాత్రి రెండున్నరకి వచ్చినట్టుంది" అనేసింది. చెడ్డ ఉద్దేశం ఏం లేదు. నా ఫోన్‌లో అలర్ట్ మోగితే చూసింది, అంతే. ఆ అమ్మాయిది నైట్ షిఫ్ట్ జాబ్. సాయంత్రం ఆంటీ మా గేటు దగ్గరికొచ్చి, "ఏం బాబూ, మా పిల్ల ఎప్పుడొస్తుందో మీ ఫోన్ చెప్తుందంటగా" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రే సెట్టింగ్స్ మొత్తం తిరగేశా. చాలామంది పొరబడేది ఇక్కడే. యాక్టివిటీ జోన్ గీసేస్తే దాని బయట ఉన్నది రికార్డ్ అవ్వదనుకుంటాం. మామూలుగా అది చెప్పేది ఎక్కడ కదలిక వస్తే పట్టించుకోవాలో మాత్రమే. గీత లోపల ఎవరైనా కదిలి రికార్డింగ్ మొదలైతే ఫ్రేమ్‌లో ఉన్నదంతా పడుతుంది. వాళ్ల గుమ్మం నిజంగా కనపడకూడదంటే ప్రైవసీ మాస్క్ కావాలి. ఆ భాగం వీడియోలోనే నల్లగా అయిపోతుంది. కొనేముందు ఆ ఫీచర్ ఉందో లేదో చూసుకోండి.

తిరిగే కెమెరాతో ఇంకో గొడవ. అది ఎటు చూస్తోందో ఎదుటివాళ్లకి నమ్మకం ఉండదు. మీరు మంచోళ్లే, వాళ్లకెలా తెలుస్తుంది? దాన్ని తీసేసి, గేటూ నా బైకూ మాత్రమే పడేలా కదలని కెమెరా పెట్టా. బ్యాటరీది వద్దనుకున్నా. అందరూ నడిచే దారిలో మనిషి వచ్చిన ప్రతిసారీ అది నిద్రలేస్తుంది, ఛార్జింగ్ పెట్టలేక చస్తాం.

మైక్ పూర్తిగా ఆఫ్. 2021లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టుకి ఇలాంటి ఇరుగుపొరుగు కెమెరాల కేసే వచ్చింది. వీడియో కంటే దూరం నుంచి మాటలు రికార్డవడం ఇంకా పెద్ద సమస్య అని జడ్జి తేల్చారు. మన దగ్గర 2025లో కలకత్తా హైకోర్టు, ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల కేసులో, కలిసి ఉండేవాళ్ల అనుమతి లేకుండా కెమెరాలు నడపకూడదంది. అది ఇంటి లోపలి సంగతి, మన దారికి నేరుగా అతకదు. అయినా అడగడానికి మనకేం పోతుంది?

మర్నాడు ఫోన్ తీసుకుని వెళ్లా. ఆంటీ చేతికే ఇచ్చి ఏం కనపడుతోందో చూపించా. ఆ అమ్మాయి పాత క్లిప్పులన్నీ తన ముందే డిలీట్ చేశా. తనే అడిగింది, దారిలో లైట్ ఎందుకు లేదని! రాత్రి రెండున్నరకి చీకట్లో నడిచేది తనే కదా, నాకు తట్టనే లేదు. మనిషి కదిలితే వెలిగే లైట్ పెట్టాం, ఖర్చు చెరి సగం. వాళ్ల బెడ్‌రూమ్ కిటికీలో పడకుండా కిందికి వంచాం.

పెట్రోల్ దొంగ దొరికాడా అంటే, లేదు. పోయినవారం ఆంటీయే, "మా కారు కూడా అందులో పడేట్టు చెయ్ బాబూ" అన్నారు. ముందు పాపని అడగండి అన్నా. తను సరే అన్నాకే మాస్క్ జరిపా.

మీ కామన్ దారి పంచాయితీ ఏంటో కామెంట్స్‌లో రాయండి. బై!