పిల్లలకు తీసివేత ఫోన్లోనే నేర్పొచ్చు

పోయిన శుక్రవారం అల్ రాయ్‌లో మన రూములో కూర్చున్నప్పుడు నేను చెప్పిన మాటలు, రాలేనివాళ్ళ కోసం రాసి పెట్టమన్నారు. నేను టీచర్ని కాదు, చదివింది పదో తరగతి. తప్పుంటే చెప్పండి.

మావాడు రెండో తరగతి. 42లో 17 తీసేస్తే 35 అని రాసినాడు. నేను ఫోన్లో అరిచినా. రెండు రోజులు వాడు ఫోన్ దగ్గరికే రాలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, వాడు ఊరికే తప్పు చెయ్యలేదు. 2లో 7 పోదు కాబట్టి 7లో నుంచే 2 తీసేసినాడు, 5 వచ్చింది. 4లో 1 పోతే 3. వాడికొక దారి ఉంది. చాలామంది పిల్లలు ఇట్లనే చేస్తారు. అందుకే, తిట్టకముందు "ఎట్ల చేసినావు నాయనా?" అని అడగండి.

"పక్క నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పినా. "మళ్ళీ ఎప్పుడిచ్చేది నాన్నా?" అన్నాడు. వీసా అప్పు మాటలు ఇంట్లో పొద్దస్తమానం వినే పిల్లోడు, అడగడా మరి! ఆ మాట మానేసినా. నిజానికి అది అప్పే కాదు. శుక్రవారం సంతలో 10 దినార్ల నోటు చిల్లర మార్చుకుంటాం, అట్లాంటిది. డబ్బు తగ్గదు, విడిపోతుందంతే.

చీపురుపుల్లలు సమానంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్ వెయ్యమని ఇంటికి చెప్పినా. ఇక్కడ నేను సైట్లో పారేసిన బైండింగ్ వైరు ముక్కలు పదేసి కట్టుకున్నా. ఇక కథ. అవ్వ దగ్గర నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఉన్నాయి. పక్కింటామె 17 అడిగింది. ముందు 7 ఇవ్వాల, విడిగా ఉన్నవి రెండే. ఏం చేస్తాది? "కట్ట విప్పుతాది!" అని వాడే అన్నాడు. మూడు కట్టలు, 12 విడివి అయినాయి. 7 ఇస్తే 5 మిగిలినాయి. ఒక కట్ట ఇస్తే రెండు మిగిలినాయి. 25. కాగితం మీద రాయడం ఆ తర్వాతే పెట్టండి, తొందరొద్దు.

ఇంకొకటి. అక్కకు 9 గాజులు, చెల్లెలికి 6. ఎన్ని ఎక్కువ? "ఎవరూ ఏమీ తియ్యలేదు గదా, తీసివేత ఎందుకు?" అని పిల్లలు తికమక పడతారు. గాజుకెదురు గాజు పెట్టమనండి. జత లేనివి మూడు కనపడతాయి. తేడా అంటే అదే.

కథలు ఎంచుకునేటప్పుడు కొంచెం చూసుకోండి. "ఇంట్లో నలుగురు, నాన్న కువైట్ పోయినాడు, మిగిలింది ఎందరు?" అని నేనే ఒకసారి అడిగినా. "నలుగురే" అన్నాడు. నాకు దిద్దబుద్ధి కాలేదు. అట్లాంటిది అడగకండి. మామిడికాయలు, కోడిపిల్లలు చాలు.

మనకు సాయంత్రం 5:30 అయితే అక్కడ 8. స్నానం, వంట అనుకుంటే పిల్లలు నిద్రపోతారు. వంట తర్వాత చేసుకోండి. రోజుకు రెండు లెక్కలు, పది నిముషాలు.

ఇప్పుడు మావాడే నాకు లెక్కలిస్తున్నాడు. నిన్న 50లో 23 అడిగినాడు. నేను నోటితో 27 అంటే ఒప్పుకోలేదు, వైరు కట్ట విప్పి చూపించమన్నాడు.