‘నమోదైంది’ అంటే నమోదైనట్టేనా?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పక్కింటి పిన్నిగారికి ఒక గ్లాసుడు చక్కెర ఇచ్చి రమ్మని పిల్లవాణ్ణి పంపుతాం. వాడు పరుగున తిరిగివచ్చి “ఇచ్చేశానమ్మా” అంటాడు. సాయంత్రం ఆవిడ ఎదురుపడి “చక్కెర పంపుతానన్నారు, పంపలేదేం?” అంటుంది. వాణ్ణి నిలదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. వాళ్ల తలుపు వేసి ఉంది. గుమ్మం ముందు పెట్టి వచ్చేశాడు. వాడి లెక్కలో వాడు అబద్ధమాడలేదు. అవతలివారు అందుకున్నారా లేదా అన్నది చూడలేదు, అంతే.

ఈ రోజు నేను చెప్పబోయేది కంప్యూటరు సంగతి. పెర్ల్ అనే భాషలో రాసిన ప్రోగ్రాము డేటాబేసుతో మాట్లాడేటప్పుడు ఎక్కడ తప్పటడుగు వేస్తుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నది. “మాకెందుకమ్మా ఇదంతా?” అనకండి. మనలో కొందరు చిన్నప్పటి చదువు దుమ్ము దులిపి మళ్లీ ఉద్యోగంలో చేరుదామనుకుంటున్నారు. కొందరు అపార్టుమెంటు లెక్కలు, సంఘం లెక్కలు చూస్తున్నారు. ఈ రెండూ కానివారు కూడా వినండి. ఎందుకంటే ఇందులో ఒక ఆడపిల్ల పరువు సంగతి ఉంది.

ఒక పొదుపు సంఘం ఉంది. పేరు అనవసరం. సభ్యులంతా ఆడవాళ్లే. నెలనెలా వాయిదాలు వసూలు చేసి, కంప్యూటరులో ఎక్కించి, రసీదు చించి ఇవ్వడం ఒక అమ్మాయి పని. ప్రోగ్రాము ఎవరో ఏనాడో పెర్ల్‌లో రాసిపెట్టి వెళ్లినది. ఒక నెలాఖరున లెక్కలు తీస్తే పదకొండుమంది వాయిదాలు కంప్యూటరులో లేవు. వాళ్ల చేతుల్లో రసీదులు మాత్రం ఉన్నాయి. ఇంకేముంది? “డబ్బు పుచ్చుకుని లెక్కలో చూపలేదంటే అర్థమేమిటి?” అని ఒకావిడ నోరు జారింది. మిగతావారు మౌనంగా ఊరుకున్నారు. “తెరమీద ‘నమోదైంది’ అని చూశాకనే ఒక్కొక్క రసీదూ చించానండీ” అని ఆ అమ్మాయి ఏడుస్తూ చెబితే వినిపించుకున్నవారు లేరు. మర్నాటినుంచి రావద్దన్నారు.

ఆ ప్రోగ్రాము చూడమని నన్ను పిలిచారు. నేను ముందు ప్రోగ్రాము తెరవలేదు. రసీదు పుస్తకమూ బ్యాంకు పాసుబుక్కూ తెమ్మన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి కూడితే రూపాయి తేడా లేకుండా సరిపోయాయి. డబ్బు చేరవలసిన చోటికే చేరింది. తక్కువ చూపిస్తున్నది కంప్యూటరు ఒక్కటే! ఈ కూడిక ఆ సమావేశంలోనే ఎవరైనా చేసి ఉంటే ఆ పిల్లకు అంత నింద వచ్చేది కాదు.

ఇక యంత్రం సంగతి చూద్దాం. పెర్ల్ భాషను లారీ వాల్ అనే ఆయన 1987లో విడుదల చేశారు. అందులోంచి డేటాబేసును పలకరించడానికి డి.బి.ఐ. అనే సాధనం ఉంది. టిమ్ బన్స్ అనే ఆయన పూనికతో 1990ల తొలి సగంలో రూపుదిద్దుకుంది. డేటాబేసును ఒక పెద్ద కొట్టుగది అనుకోండి. డి.బి.ఐ. ఆ గది ముందున్న కిటికీ. మనం ఏం కావాలన్నా ఆ కిటికీ దగ్గరే అడగాలి. కొట్టుగదులు రకరకాలు. మై ఎస్‌క్యూఎల్ ఒకటి, పోస్ట్‌గ్రెస్ ఒకటి, ఎస్‌క్యూలైట్ ఒకటి. ఏ గదికి ఆ గది భాష తెలిసిన దుబాసీ ఒకడుండాలి. వాణ్ణి డ్రైవరు అంటారు.

తప్పు వెతికేటప్పుడు వీధి గుమ్మంనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గది దాటుకుంటూ లోపలికి వెళ్లాలి. నేరుగా వంటింట్లోకి దూకకూడదు.

మొదటి గుమ్మం: దుబాసీ ఉన్నాడా? “డ్రైవరు కనబడలేదు” అన్న సందేశం వస్తే డేటాబేసును అనుమానించి లాభం లేదు. డ్రైవరు ఎక్కించలేదన్నమాట. లేదా ఒకే యంత్రంలో రెండు పెర్ల్‌లు ఉండి, ఒకదానికి ఎక్కించి రెండోదానితో ప్రోగ్రాము నడుపుతున్నారన్నమాట.

రెండో గుమ్మం: అవతల ఎవరైనా పలుకుతున్నారా? డేటాబేసు సర్వరు ఆగిపోయి ఉండవచ్చు. చిరునామాయో తలుపు నంబరో తప్పయి ఉండవచ్చు. మామూలుగా మై ఎస్‌క్యూఎల్‌ది 3306, పోస్ట్‌గ్రెస్‌ది 5432. ఇక్కడొక చిత్రం ఉంది. మై ఎస్‌క్యూఎల్‌కి ‘లోకల్‌హోస్ట్’ అని చెబితే యూనిక్స్, లినక్స్ యంత్రాల్లో సాకెట్ అనే లోపలి దారిన వెళుతుంది. 127.0.0.1 అని అంకెల్లో చెబితే వీధి దారిన వెళుతుంది. ఒక దారి మూసుకున్నా రెండోది తెరిచి ఉండవచ్చు.

మూడో గుమ్మం: మనల్ని లోపలికి రానిస్తున్నారా? “అనుమతి లేదు” అని 1045 నంబరుతో సందేశం వస్తే పేరో, రహస్యపదమో, మనం వస్తున్న చోటో కుదరలేదన్నమాట. మై ఎస్‌క్యూఎల్‌లో మనిషి పేరుతోబాటు ఎక్కడినుంచి వస్తున్నారన్నదీ లెక్కే. 1049 వస్తే ఆ పేరుగల డేటాబేసే లేదని అర్థం. ఈ మూడింటికీ ఒకటే పరీక్ష. అదే యంత్రంమీద, అదే పేరుతో, అదే రహస్యపదంతో, పెర్ల్ ప్రమేయం లేకుండా డేటాబేసులోకి వెళ్లి చూడండి. అక్కడా కుదరకపోతే తప్పు ప్రోగ్రాములో రాసిన పెర్ల్‌ది కాదు.

ఎస్‌క్యూలైట్ దగ్గర మాత్రం జాగ్రత్త. అది మహా మొహమాటస్తురాలు. ఫైలు పేరు ఒక అక్షరం తప్పు రాసినా “లేదు” అనదు. మామూలుగా ఆ పేరుతో కొత్త ఖాళీ ఫైలు ఒకటి సృష్టించి ఇస్తుంది. తరవాత “ఆ పట్టిక లేదు” అంటే మనం లెక్కలన్నీ పోయాయని గుండెలు బాదుకుంటాం.

మా సంఘం ప్రోగ్రాము ఈ గుమ్మాలన్నీ దాటింది. మిగతా సభ్యుల వాయిదాలు చక్కగా ఎక్కాయి కదా! మరి ఈ పదకొండుమందికే ఏమొచ్చింది? రసీదులు ముందు పరచుకుని చూస్తే తెలిసింది. పదకొండూ ఒకే అపార్టుమెంటువి. ఆ భవనం పేరు ఇంగ్లీషులో ఉంది. ‘ఫలానావారి గూడు’ అన్న అర్థంలో పేరు పక్కన, పైన ఒక కామా పెట్టి ఎస్ అని రాస్తారే, అలాంటిది. వసూలు చేసిన చోటు కూడా ఎక్కించాలన్న నియమం ఆ నెలనుంచే వచ్చింది. ఆ అమ్మాయి బుద్ధిగా బోర్డుమీద ఉన్నది ఉన్నట్టు కొట్టింది.

డేటాబేసుకు పంపే వాక్యంలో మాటలను ఆ పైకామాల మధ్యనే పెడతారు. పేరులోనే ఆ గుర్తు వస్తే, పేరు అక్కడితో అయిపోయిందనుకుని, మిగిలిన ముక్క అర్థంకాక డేటాబేసు వాక్యాన్ని తోసిపుచ్చుతుంది. అలాగే తోసిపుచ్చింది కూడా. మరి తెరమీద ‘నమోదైంది’ అని ఎందుకు వచ్చింది? మన చక్కెర గ్లాసు పిల్లవాడిలాగా, ప్రోగ్రాము వాక్యం పంపి, జవాబు చూడకుండా ఆ మాట అనేసింది!

డి.బి.ఐ.లో రెండు మీటలున్నాయి. ప్రింట్‌ఎర్రర్ అన్నది మనం ఏమీ చెప్పకపోయినా పనిచేస్తూనే ఉంటుంది. తప్పు జరిగితే ఒక వాక్యం రాసి ఊరుకుంటుంది, పని ఆపదు. వెబ్ ప్రోగ్రాముల్లో ఆ వాక్యం సాధారణంగా తెరమీదికి రాదు, సర్వరు లోపాల చిట్టాలోకి పోతుంది. రెండోది రైజ్‌ఎర్రర్. అది వేస్తే తప్పు జరిగినచోటే ప్రోగ్రాము కేకపెట్టి ఆగిపోతుంది. దీన్ని మనమే వేసుకోవాలి. మా ప్రోగ్రాములో వేయలేదు. చిట్టా తెరిపిస్తే పదకొండు తప్పులూ తేదీతో, గంటతో సహా అక్కడ ఉన్నాయి. ఆ అమ్మాయి పక్షాన సాక్ష్యం మొదటిరోజునుంచీ అక్కడే పడి ఉంది, అడిగినవారు లేరు.

“అయితే ఆ కామా కొట్టవద్దని చెబితే సరిపోతుందిగా?” అన్నారు సంఘంవారు. చాలదు. మన వాక్యాన్ని ఒక కామా విరవగలిగిందంటే, దుర్బుద్ధితో ఎవరైనా ఆ సందులో తమ సొంత ఆజ్ఞ దూర్చి లెక్కలన్నీ చదవవచ్చు, మార్చవచ్చు కూడా. సరైన మందు వేరే ఉంది. వాక్యంలో విలువ రావలసినచోట ప్రశ్నార్థకం పెట్టి, విలువలను విడిగా అందించాలి. అప్పుడు పేరులో ఏ గుర్తు ఉన్నా అది పేరుగానే ఉంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మరి మూడు తప్పులు చెప్పి ముగిస్తాను. ఇవి కేకపెట్టని తప్పులు కనుక రైజ్‌ఎర్రర్ వేసినా దొరకవు.

ఒకటి, సభ్యురాలి నంబరు తప్పు కొట్టి వాయిదాను దిద్దబోయారనుకోండి. ఆ నంబరు ఎవరికీ లేదు కాబట్టి ఒక్క వరుసా మారదు. కాని డేటాబేసు దృష్టిలో అది తప్పు కాదు. డి.బి.ఐ. ‘సున్నా ఇ సున్నా’ అనే జవాబిస్తుంది. పెర్ల్ దాన్ని అంకెగా చూస్తే సున్నా, అవునా కాదా అని చూస్తే అవును! అందుచేత ఎన్ని వరుసలు మారాయో అంకెతోనే సరిచూడాలి.

రెండు, ఫోను నంబరు లేనివారిని వెతకాలంటే ‘నంబరు ఈక్వల్ నల్’ అని అడగకూడదు. తెలియనిదాన్ని దేనితోనూ పోల్చలేం కనుక ఎవరూ రారు. ‘ఈజ్ నల్’ అని అడగాలి.

మూడు, ఆటోకమిట్ తీసేసి ఉంటే, ఎక్కించిన లెక్క కమిట్ అనేదాకా ఖాయం కాదు. అది మరిచి ప్రోగ్రాము ముగిస్తే చాలా డేటాబేసులు చేసినదంతా వెనక్కి తీసేసుకుంటాయి. చీర ఏరి పక్కన పెట్టించి, డబ్బు కట్టకుండా ఇంటికొచ్చేసినట్టన్నమాట.

కొత్త ప్రోగ్రాములో ప్రశ్నార్థకాలు పెట్టాం. రైజ్‌ఎర్రర్ వేశాం. తప్పు వస్తే తెరమీద ‘నమోదు కాలేదు, రసీదు ఇవ్వకండి’ అని తెలుగులో కనబడేటట్టు, పూర్తి వివరం చిట్టాలో పడేటట్టు చేశాం. పదకొండు వాయిదాలూ రసీదు అడుగు ప్రతులు చూసి ఎక్కించాం. నోరు జారిన ఆవిడే ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, వాళ్లమ్మగారి ఎదుట క్షమాపణ అడిగింది. ఆ పిల్ల తిరిగి పనిలోకి వచ్చింది. అయితే మొదటిరోజు వచ్చి కూర్చున్నప్పుడు ఒక్కొక్క వాయిదానూ ఎక్కించి, మళ్లీ తెరిచి చూసి, పక్కవారికి కూడా చూపించి కాని రసీదు చించలేదు. లెక్క దిద్దినంత సులువు కాదు, మనసుకు తగిలినదాన్ని దిద్దడం.

కనుక సోదరీమణులారా, మీ సంఘంలో, మీ ఇంట్లో, మీ పిల్లల ఆఫీసుల్లో లెక్క తప్పిందని తెలిస్తే ముందు కాగితాలు కూడండి. తరవాత చిట్టా తెరవండి. గుమ్మం గుమ్మం దాటుకుంటూ రండి. మనిషిమీద వేలు చూపడం అన్నిటికన్నా చివర. చాలాసార్లు అంతదూరం వెళ్లవలసిన అవసరమే రాదు.