పలుచని రేకుమీద పాట

పురానాపూలు దాపున ప్రతి గురువారమును కూడు జుమేరాత్ బజారులో దొరకని పాతవస్తువు లేదని హైదరాబాదువారి నమ్మకము. తాళము లేని చెవులు, చెవి లేని తాళములు, ముల్లు విరిగిన గడియారములు, ఎవరి పెండ్లినాటివో ఫోటోలు, అన్నియు గోనెపట్టలపై పరచియుండును. అట్టి గోనెపట్టమీద మేమొకనాడు జానెడు వెడల్పుగల నీలిరంగు రేకు నొకదానిని చూచితిమి. చేతబట్టి వంచిన వంగును. ఎండకెత్తి చూచిన అవతలివారి ముఖము నీలిగా కనిపించును. నడుమ రంధ్రము, దాని చుట్టును రష్యన్ అక్షరములు, ఏటవాలుగ చూచినచో వలయములు వలయములుగ సన్నని గీతలు. "ఎక్స్‌రే ఫిల్ము సాబ్, పది రూపాయలియ్యండి" అని అమ్మువాడనెను. ఇచ్చి తెచ్చుకొంటిమి. అది ఎక్స్‌రే కాదు, పాట. అయినను ఆతడు చెప్పినది పూర్తిగా అబద్ధము కాదని ముందు మనవి చేయుదుము.

దీనిని ఫ్లెక్సీ డిస్కు అందురు. ఫ్లెక్సీ యనగానే నేడు మన కూడళ్లలో నాయకుల జన్మదినములకు వ్రేలాడు పెద్ద బొమ్మలు తలపునకు వచ్చును. వానితో దీనికి బంధుత్వము పేరువరకే. మిక్కిలి పలుచని వినైలు రేకుపై పాటగీతలు అచ్చొత్తి చేసిన గ్రామఫోను ప్లేటు ఇది. సాధారణముగ ఒక్క వైపుననే పాట యుండును. మామూలు ప్లేటుకున్నంత బరువు లేదు గనుక, ముల్లు మోపగానే తిరుగుట మాని జారుచుండును. అందుచే క్రింద మరియొక ప్లేటును పరచి, పైన నొక నాణెమును బరువుగ నుంచి వినుట వాడుక. గీతల లోతు తక్కువ, ధ్వని గరగరలాడును, పలుమారులు వినినచో అరిగిపోవును. ఇన్ని లోపములుండియు దీని కొక గుణము కలదు. చవుక. కవరులో పెట్టి తపాలాబిళ్ల అంటించినచో ఊరూరికి పోవును. పత్రిక పుటల నడుమ ఇమిడిపోవును.

పెద్దవారును ఈ గుణమును వాడుకొనిరి. బీటిల్స్ బృందము 1963 మొదలు 1969 వరకు ప్రతి క్రిస్మసునకు తమ అభిమాన సంఘమువారికి ఇట్టి రేకునే పంపెడిది. 1979 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తిమింగలముల పాటను 1 కోటి 5 లక్షల రేకులపై ముద్రింపించి సంచికతో జతచేసెను. ఇవి సంపన్నుల వేడుకలు. మమ్మాకర్షించిన కథ, కంపెనీ గడప త్రొక్కలేని వారిది. 1980ల నాటి ఇంగ్లండులో, చేతివ్రాతతోడను టైపు మిషనుతోడను తామే చిన్నపత్రికలు కూర్చుకొని, ఒక్కొక్క ప్రతితో నొక ఫ్లెక్సీని జతచేసి తపాలాలో పంపిన యువకులు కలరు. బ్రిస్టలు నగరమున 1987లో సారా రికార్డ్స్ అను చిన్న సంస్థను నెలకొల్పిన యిద్దరును అంతకు మునుపు అట్టి పత్రికలు నడిపినవారే. వారి పాటలు ఏ కంపెనీ పెద్ద యొక్క చెవియు దాటవలసిన పని లేకపోయెను.

ఇక ఎక్స్‌రే మాట. రెండవ ప్రపంచ యుద్ధానంతరము లెనిన్‌గ్రాడు నగరమున ప్రభుత్వము వలదన్న పాటలు వినగోరువారు, ఆసుపత్రులు పారవైచిన ఎక్స్‌రే ఫిల్ములను సంపాదించి, కత్తెరతో గుండ్రముగ కత్తిరించి, కాలుచున్న సిగరెట్టుతో నడుమ రంధ్రము చేసి, సొంతముగ కట్టుకొన్న యంత్రములతో ఒక్కొక్క ప్రతిని చెక్కుకొనిరి. ఎవరిదో ప్రక్కటెముకమీద జాజ్ సంగీతము తిరుగుచుండెడిది. జనులు వానిని 'ఎముకలు' అనియే పిలిచిరి. ఈ పనికై రుస్లాన్ బొగొస్లోవ్‌స్కీ అనునాతడు ఒకటికంటె ఎక్కువమారులు చెరసాలకేగెను. ఆ దేశముననే 1964లో ఆరంభమైన క్రుగొజోర్ అను పత్రిక ఫ్లెక్సీలను పుటల నడుమ పెట్టి పంచినది. మాకు దొరకిన రేకు అట్టిదే కావచ్చును.

ఈ సంగతులు తలచుకొన్నపుడెల్ల మా మనస్సు పాతబస్తీకి పోవును. గ్రామఫోను కంపెనీవారు 1908లో కలకత్తాలో కర్మాగారము స్థాపించినది మొదలు చాలకాలము మన దేశమున పాట ప్లేటు కావలెనన్నచో కంపెనీవారి కన్ను గాయకునిపై పడవలసియుండెను. హైదరాబాదు కవ్వాలు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారిపై పడినది. ఆయన గాత్రము రికార్డుల కెక్కెను. 1971లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. కాని బార్కాసులో మర్ఫా వాయించు యువకుని సంగతి యేమి? నిజాము సైన్యమున చేరిన హద్రమౌత్ అరబ్బులును ఆఫ్రికా సిద్దీలును తెచ్చిన దరువది. పెండ్లి యూరేగింపులలో మన గుండెలనదరగొట్టును. మొహర్రములో నౌహా చదువు కుర్రవాని సంగతి యేమి?

వీరిని ఆదుకొన్నది ఫ్లెక్సీ కాదు, కాసెట్టు. ఫ్లెక్సీ ఎంత చవుకయైనను అచ్చు చేయించి ముద్రాయంత్రమున నొత్తవలెను. వినువాని యింట గ్రామఫోను ఉండవలెను. కాసెట్టునకు రెండు యంత్రములు చాలును: ఒకటి పలుకును, మరియొకటి వ్రాసికొనును. 1970లనుండి గల్ఫు దేశములకు పనికై పోయిన పాతబస్తీ వారు సెలవులకు వచ్చునపుడు టేపురికార్డరు తెచ్చుట ఆచారమయ్యెను. ఉత్తరములకు బదులు కాసెట్టులు పోవుటయు వచ్చుటయు జరిగెను. తల్లి దగ్గును, పసిబిడ్డ ఏడుపును దుబాయిలో వినిపించెడివి. మాటను పంపిన యంత్రము పాటను పంపకుండునా?

దారుల్‌షిఫా, దబీర్‌పురా ప్రాంతముల అంజుమనులు ఏటేట మొహర్రమునకు క్రొత్త నౌహాలు కట్టి తామే కాసెట్టులుగ వెలువరించెడివి. మేము విశ్వవిద్యాలయమున చదువుకొను దినములలో అట్టి ముద్రణ నొకదానిని చూడబోతిమి. చిన్న గది. కిటికీలకు బొంతలు కట్టిరి. నౌహాకు వాద్యము లేదు. రొమ్ముపై పడు చేయియే తాళము. ఆ చప్పుడు గాయకుని గొంతును మ్రింగకుండుటకై తాళము వేయువారిని గోడవైపు నిలిపి, మైకును గాయకునివైపు త్రిప్పిరి. పంకా తిరిగిన రొద పడును. ఆపిన చెమట ధారలు గట్టును. ఆటోరిక్షా కూసినపుడెల్ల మొదటినుండి పాడవలసివచ్చెను. ఇన్నూరు ప్రతులు తీయుట వారి సంకల్పము; పైకాగితము పెండ్లిపత్రికలు అచ్చువేయు ఛత్తాబజారు ముద్రణాలయమున సిద్ధమగుచుండెను. ఇప్పటి వృత్తిలో మేమెన్నియో స్టూడియోలు చూచితిమి గాని, అంత శ్రద్ధను తరచుగ చూడలేదు.

ఇట్టి ముద్రణల దురదృష్టమేమనగా, వానిని దాచువారు లేరు. 1954 నాటి చట్టము ననుసరించి మన దేశమున ప్రకటితమైన ప్రతి పుస్తకమును కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును మరి మూడు గ్రంథాలయములకును ప్రకాశకులు పంపవలెను. రెండణాల కరపుస్తకమైనను సరే. పాటకు ఆ చట్టము వర్తింపదు. ఫ్లెక్సీ యైనను కాసెట్టైనను చవుకగ వచ్చి చవుకగనే పోవుచున్నవి. నేటి నౌహాలు చేతిఫోనులో వెలువడుచున్నవి. వాని గతి యేమగునో కాలమే చూడవలెను.

ఇతరుల ననుటకు మాకు మొగము చెల్లదు. ఆ దినము పాడిన గాయకుడు మాకొక ప్రతి నిచ్చెను. రెండు మారులు విని బల్లసొరుగులో పడవైచి మరచితిమి. ఇరువది యేండ్లు గడచినవి. ఒక మొహర్రమునకు ముందు ఆయన కుమారుడు మమ్ము వెదకికొనుచు వచ్చెను. తండ్రి గతించిరి. ఇంటనున్న ప్రతిమీద పిల్లలెవరో సినిమాపాటలెక్కించిరి. అంజుమనువారి ప్రతి యిల్లు మారినపుడు పోయినది. "అబ్బాజాన్ ఆవాజ్ మీ దగ్గర ఏమన్నా మిగిలి ఉన్నదా సాబ్?" అని యడిగెను.

సొరుగు వెదకితిమి. దొరకినది గాని టేపు అంచులంట తెల్లని బూజు; టేపును ఒత్తిపట్టు చిన్న మెత్త ఊడి లోపలనే పడియున్నది. టేపును వేరొక డొక్కలోనికి మార్చి, చేతితో మెల్లమెల్లగ చుట్టి, మెత్తని గుడ్డతో తుడిచితిమి. మొదటి వైపు పలుకలేదు. రెండవ వైపున పదునొకండు నిమిషములు దక్కినవి.

కుమారుని పిలిచి వినిపించితిమి. ముందు కొంత గరగర; పిదప, పాట ఆరంభము కాకముందే, ఆయన గొంతు: "పంఖా బంద్ కరో." ఒక మీట చప్పుడు, నిశ్శబ్దము, అటుపిమ్మట నౌహా. అంతయు తలవంచుకొని వినెను. ముగిసిన తరువాత మరల మొదటికి త్రిప్పుమని కోరెను. పాట వచ్చువరకు పోనీయలేదు. పంకా ఆపుమన్న ఆ మూడు మాటలనే నాలుగుమారులు వినిపించుకొనెను.