దారిలో మొదటి హక్కు నడిచేవాళ్లదే

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మన ఆట గురించి, పాట గురించి, భూమి గురించి మాట్లాడుకున్నాం. మా వంతు వచ్చింది కాబట్టి రోడ్డు గురించి నాలుగు మాటలు చెబుతాం. ఆ రోడ్డు మీద నడిచి వెళ్లే మన మనుషుల గురించి.

రోడ్డుకీ మనకీ పాత లెక్క ఉంది. నూరేళ్ల కిందట గూడెం కొండల్లో ఘాట్ రోడ్డు వేసినప్పుడు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతముత్తాతల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికి అదీ ఒక కారణం. ఆ ఆగస్టులో మనవాళ్లు ముట్టడించిన చింతపల్లి మీదుగానే ఇప్పుడు 516-ఇ జాతీయ రహదారి వెళ్తోంది. రాజమహేంద్రవరంలో బయలుదేరి రంపచోడవరం, పాడేరు, అరకు దాటి విజయనగరం చేరుతుంది. మంచిదే. ఆసుపత్రి దగ్గరవుతుంది, కాలేజీ దగ్గరవుతుంది. వాటితో పాటు వేగం కూడా మన గుమ్మం ముందుకు వస్తుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. అంటే రోజుకు దాదాపు 90 మంది.

మా పక్క ఊరి అవ్వ ఒకామె సంత నుంచి మూట నెత్తిన పెట్టుకుని చీకటి పడే వేళ ఇంటికి నడుస్తోంది. వెనక నుంచి బండి గుద్దింది. లారీ కాదు, కారు కాదు. బైకు. నడిపింది మన కుర్రాడే. అవ్వ బతికింది, కానీ మళ్లీ కొండెక్కి పోడు చేయలేకపోయింది. చుట్టూ చేరినవాళ్లు పోలీసు కేసు అవుతుందని భయపడి చాలాసేపు ఆమెను ముట్టుకోలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మాకు సిగ్గేస్తుంది.

తమ్ముళ్లూ, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం అయిపోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. సంత రోజున, ఊరి మలుపులో, బడి దగ్గర బండి నెమ్మది చేయండి. ముందు నడిచేది మీ అవ్వే అనుకోండి.

నడిచేటప్పుడు మనమూ జాగ్రత్తపడాలి. అడవి బాటలో ఒకరి వెనక ఒకరం నడుస్తాం. తారురోడ్డు ఎక్కగానే నలుగురం పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోతాం. ఫుట్‌పాత్ లేని చోట కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా నడవాలి. చీకట్లో టార్చిలైటు, తెల్ల తువ్వాలు ఉండాలి. చెవిలో ఇయర్‌ఫోన్ ఉండకూడదు. ఊడ్పులకు, కోతలకు డెల్టాకు దిగే మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడ కాలవగట్టు రోడ్ల మీద ఒక పక్క నీళ్లు, ఒక పక్క బండ్లు, తప్పుకోవడానికి చోటుండదు. రాజమహేంద్రవరంలో చదువుకునే పిల్లలు మోరంపూడి, లాలాచెరువు దగ్గర హైవేని పరుగున దాటవద్దు. సిగ్నల్ లేని చోట కూడా జీబ్రా గీతల మీద దారి ముందు నడిచేవాళ్లకే ఇవ్వాలి.

ఎవరైనా పడిపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134-ఎ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఉంది. చదువుకున్న మీరే ఆ దరఖాస్తు రాసిపెట్టాలి.

చివరగా ఒక్క పని. రాబోయే గ్రామసభలో మీ ఊరి ప్రమాదపు మలుపు ఎక్కడుందో చెప్పండి. అక్కడ స్పీడ్‌బ్రేకరు, వీధిదీపం, నడిచే దారి కావాలని తీర్మానం రాయించి అధికారులకు ఇవ్వండి. రోడ్డు వేసిన చేతులు మనవి. దాని మీద భయం లేకుండా నడిచే హక్కూ మనదే.

జై ఆదివాసీ!