ఖబరస్తాన్ మన్ను ఎటు పోతోంది?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి పెళ్లిళ్ల గురించి నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. నేను వ్యవసాయం చేసినవాణ్ణి, మట్టి గురించే చెబుతాను.

సూర్యాపేట దగ్గర మా ఊరి ఖబరస్తాన్ గుట్ట వాలులో ఉంది. పొదలు పెరిగి మయ్యత్ తీసుకుపోవడానికి దారి లేకుంటే, చందాలు వేసుకుని జేసీబీ పెట్టించాం. పొదలతోపాటు గడ్డి కూడా వేళ్లతో లేచిపోయింది. నేల శుభ్రంగా కనిపిస్తుంటే అందరం సంతోషించాం, నేను కూడా. ఆ వానాకాలం రెండు పెద్ద వానలకే పై వరుస ఖబర్ల మీది మన్ను కొట్టుకుపోయింది. మా అబ్బా ఖబర్ తలాపున రాయి ఒరిగిపోయింది.

మళ్లీ చందాలు వేసి మొరం పోయిద్దామన్నారు కొందరు. పోస్తే అదీ మరుసటి వానకు కిందికే పోతుంది. అందుకని వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, గుట్ట రాళ్లతోనే మోకాలెత్తు కట్టలు పేర్చాం. సిమెంటు పెట్టలేదు. సందుల్లోంచి నీరు మెల్లగా జారాలి, మన్ను వెనక ఆగాలి. మట్టం చూడటానికి సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపుకుంటే చాలు, మేస్త్రీలందరికీ తెలిసిన పనే. కట్టల వెంబడి వట్టివేరు, వేప పెట్టాం. ఇప్పుడు గడ్డిని కోస్తాం గాని పీకం.

మన చెల్కల సంగతీ ఇంతే. పైన కొద్దిపాటి ఎర్రమట్టి, కింద మొరం. ఎకరంలో ఒక్క సెంటీమీటరు మన్ను పోయిందంటే 40 ఘనపు మీటర్లు పోయినట్టు, అంటే పదిహేను ట్రాక్టర్ల దాకా. అది మళ్లీ తయారు కావడానికి వందల ఏళ్లు కావాలి. పత్తి సాళ్లు వాలు వెంట తోలితే ప్రతి సాలూ ఒక కాలువే. మరి కౌలు రైతు అడ్డం గట్లు ఎందుకు వెయ్యడు? మసీదు భూమైనా సొంత భూమైనా ఏడాదికే కౌలుకిస్తే, వచ్చే ఏడు ఎవడిదో తెలియని పొలానికి వాడు చాకిరీ ఎందుకు చేస్తాడు? ఏడాది కంటే ఎక్కువ కాలానికి ఇవ్వగలమేమో పెద్దలు ఆలోచించాలి.

అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ హయాంలో కట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. 1970ల నాటికి సగానికి పైగా పూడింది. కట్టలో లోపం లేదు, ఎగువ నుంచి వచ్చిన మన్ను అది. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి రైతులు పొలాల్లో పోసుకున్నారు. మన మన్నే, కిరాయి కట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

ఈ ఏడాది ఖబరస్తాన్ బాగు చేయిస్తామని కోదాడ సోదరులు అంటున్నారు. జేసీబీ మాట్లాడే ముందు నాకొక కబురు చేయండి. ఆ గొట్టం నా దగ్గరే ఉంది.